షుగర్ ఉంటే మెదడులో స్ట్రెస్ హార్మోన్ రిసెప్టర్లు చచ్చిపోతాయా?

మీరు అడిగింది ఇదీ. నాన్నగారికి 61 ఏళ్ళు, 14 ఏళ్ళుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు, మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8.9. ఏడాదిగా చిన్న మాటకే చిరాకు, రాత్రిళ్ళు నిద్ర లేదు, స్కూటర్ తాళాలు జేబులోనే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నారు. "షుగర్ వల్ల మెదడులో స్ట్రెస్ హార్మోన్ రిసెప్టర్లు చచ్చిపోతాయి" అని ఒక వీడియోలో విన్నారు. అది నిజమేనా, కార్టిసాల్ టెస్ట్ చేయించాలా, ఆ వీడియోలో అమ్ముతున్న అతిమధురం పొడి వాడొచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ముందు పొట్టి జవాబు. రిసెప్టర్లు, అంటే హార్మోన్ కబురు అందుకునే కణాల్లోని ప్రోటీన్లు, చచ్చిపోవు, కానీ వాటి పని దెబ్బతింటుందన్న మాటలో నిజముంది. టెస్ట్ ఇప్పుడే అక్కర్లేదు. పొడి వద్దు.

ఇక పొడుగు జవాబు. నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యాను. రోగుల్ని చూసే డాక్టర్ని కాను, కాబట్టి మందుల మార్పులు మీ డాక్టరుగారి దగ్గరే తేల్చుకోండి. కాకపోతే పీహెచ్‌డీ రోజుల్లో నాలుగేళ్ళపాటు షుగర్ తెప్పించిన ఎలుకల మెదడుల్లో సరిగ్గా ఈ రిసెప్టర్లనే లెక్కపెట్టాను. పైగా నాకూ పదహారేళ్ళుగా షుగరే. అందుకని ఈ విషయం రెండువైపుల నుంచీ తెలుసు.

స్ట్రెస్ హార్మోన్ అంటే కార్టిసాలే. ఈమధ్య దాన్ని అందరూ విలన్‌ని చేసేశారు. అది లేకపోతే మనిషి బతకడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. పొద్దున లేచే వేళకి బాగా పెరిగి, సాయంత్రానికి తగ్గుతూ, అర్ధరాత్రికి అట్టడుగుకి చేరుతుంది. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, బ్యాంకు నుంచి నోటీసు వచ్చినా మళ్ళీ లేస్తుంది. లేచినప్పుడల్లా లివర్‌తో చక్కెర తయారు చేయించి రక్తంలోకి వదిలిస్తుంది, కండరాల్లో ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తుంది. పరిగెత్తాల్సిన మనిషికి అది వరం. కుర్చీలో కూర్చుని నోటీసు చదువుతున్న షుగర్ పేషెంటుకి అదే నష్టం.

ఎంత తయారు కావాలో అడ్రినల్ గ్రంథి సొంతంగా తేల్చుకోదు. మెదడు అడుగున హైపోథాలమస్ ఒక కబురు పంపుతుంది, అది అందుకుని పిట్యూటరీ ఇంకో కబురు పంపుతుంది, అప్పుడు అడ్రినల్ కార్టిసాల్ వదులుతుంది. మరి ఆపేది ఎవరు? మీ డాబా మీద నీళ్ళ ట్యాంకు మూత తీసి చూడండి. గొట్టం చివర ఒక బంతి తేలుతూ ఉంటుంది. నీళ్ళు నిండేకొద్దీ బంతి పైకి లేచి, గొట్టం దానంతటదే మూసుకుపోతుంది. కార్టిసాల్ కథా అంతే. అది రక్తంలోంచి తిరిగి మెదడులోకి వచ్చి, అక్కడి కణాల్లో ఉన్న రిసెప్టర్లకి అతుక్కుని "నిండింది, ఇక చాలు" అని చెబుతుంది. ఆ రిసెప్టర్లే బంతి. మీ ప్రశ్నంతా ఆ బంతి గురించే.

ఈ రిసెప్టర్లు మెదడులో ఉన్నాయని తెలిసి ఇంకా అరవై ఏళ్ళు కాలేదు. 1968లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో బ్రూస్ మెక్ఈవెన్ బృందం రేడియోధార్మికత తగిలించిన హార్మోన్‌ని ఎలుకలకి ఎక్కించి ఎక్కడికి చేరుతుందో చూసింది. అప్పటిదాకా స్ట్రెస్ హార్మోన్ వ్యవహారమంతా హైపోథాలమస్‌దే అనుకునేవారు. తీరా చూస్తే ఎక్కువగా పట్టి ఉంచుకున్నది హిప్పోక్యాంపస్. అంటే కొత్త జ్ఞాపకాల్ని దాచే భాగం, నాన్నగారు తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుంచుకోవాల్సిన భాగం. టెన్షన్‌కీ మరుపుకీ చుట్టరికం అక్కడే బయటపడింది.

తర్వాత 1985లో నెదర్లాండ్స్‌లో రూల్, డి క్లూట్ అనే ఇద్దరు ఆ రిసెప్టర్లు ఒక రకం కాదు, రెండు రకాలని తేల్చారు. పూర్తి పేర్లు నోరు తిరగవు, ఎంఆర్, జీఆర్ అందాం. ఎంఆర్‌కి ఈ హార్మోనంటే మహా ప్రీతి, జీఆర్ కంటే సుమారు పది రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అందుకని హార్మోన్ తక్కువగా ఉన్న వేళల్లో కూడా ఎంఆర్‌లు చాలావరకు నిండే ఉంటాయి. జీఆర్‌లు మటుకు పొద్దున్నపూట హార్మోన్ పెరిగినప్పుడో, గట్టి టెన్షన్ వచ్చినప్పుడో నిండుతాయి. రోజువారీ మట్టం చూసుకునేది ఎంఆర్, పొంగు వచ్చినప్పుడు గొట్టం మూయించే పని ముఖ్యంగా జీఆర్‌ది. జీఆర్ హార్మోన్‌ని పట్టుకున్నాక కణం మధ్యలోని కేంద్రకంలోకి వెళ్ళి కొన్ని జీన్లని లేపుతుంది, కొన్నిటిని పడుకోబెడుతుంది. అందుకే ఒక్క రాత్రి టెన్షన్ ప్రభావం మర్నాడు కూడా ఉంటుంది.

ఇప్పుడు షుగర్ దగ్గరికి వద్దాం.

ఎలుకకి షుగర్ తెప్పించడానికి స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఇస్తారు. అది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని ఏరి చంపుతుంది. చల్లటి సిట్రేట్ బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి వెంటనే ఎక్కించాలి. ఒకసారి నేను మందు కలిపి బల్ల మీద పెట్టి, టీకి వెళ్ళి కబుర్లలో పడ్డాను. ఆ బ్యాచ్‌లో సగం ఎలుకలకి షుగరే రాలేదు, మూడు వారాల పని బూడిదలో పోసినట్టయింది. సరిగ్గా ఎక్కితే మాత్రం రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. సాయంత్రం నింపిన నీళ్ళ సీసా తెల్లారేసరికి ఖాళీ, పంజరంలో పరిచిన పొట్టు తడిసి ముద్ద. రోజుకి రెండుసార్లు మార్చినా ఆ వాసన చేతులకి పట్టేసేది.

రక్తం తీయడం ఇంకో తంతు. పంజరం కదిపిన మూడు నిమిషాల్లోపు తీయాలి, ఆ తర్వాత తీస్తే ఎలుక మన చేతిని చూసి పడ్డ కంగారు కూడా హార్మోన్ అంకెలోకి ఎక్కేస్తుంది. తలుపు గట్టిగా వేసినా మా గైడ్ మందలించేవారు. మీ కార్టిసాల్ టెస్ట్ ప్రశ్నకి ఈ సంగతి పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

రిసెప్టర్లని లెక్కపెట్టడం అంటే సినిమా హాల్లో కుర్చీలు లెక్కపెట్టడం లాంటిది. జనం కూర్చుని ఉంటే ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. కాబట్టి ముందు ఎలుకకి అడ్రినల్స్ తీసేసి ఒక రోజు ఆగాలి, సొంత హార్మోన్ అంతా దిగిపోయి కుర్చీలు ఖాళీ అవుతాయి. ఆ ఒక్క రోజూ తాగడానికి ఉప్పునీళ్ళు పెట్టాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు. తర్వాత మెదడులోంచి హిప్పోక్యాంపస్ తీసి, మంచు మీద నూరి, రేడియోధార్మిక డెక్సామెథసోన్‌తో (కార్టిసాల్‌లా జీఆర్‌కి అతుక్కునే స్టెరాయిడ్ మందు) రాత్రంతా ఉంచి, పొద్దున ఎంత అతుక్కుందో కౌంటర్‌లో చూడాలి.

ఇంతా చేసి చూస్తే ఏం తేలింది? మా బల్ల మీదే ఒక బ్యాచ్‌లో జీఆర్ తగ్గినట్టు కనబడేది, ఇంకో బ్యాచ్‌లో తేడా కనబడేది కాదు. మా చెయ్యి మంచిది కాదేమో అనుకుని పేపర్లు తిరగేస్తే అక్కడా అదే వరస. కొందరికి తగ్గాయి, కొందరికి తేడా లేదు, కొందరికి ఎంఆర్ పెరిగినట్టు కనిపించింది. షుగర్ ఎన్ని వారాలుగా ఉంది, ఎలుకకి ఇన్సులిన్ ఇచ్చారా, లెక్కపెట్టింది రిసెప్టర్ ప్రోటీన్‌నా దాని ఆర్‌ఎన్‌ఏనా (ఆ ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి వచ్చే నకలు), మెదడులో ఏ ముక్క అన్నదాన్ని బట్టి జవాబు మారిపోయేది. "రిసెప్టర్లు చచ్చిపోతాయి" అని వీడియో తీసినాయన ఈ పేపర్లలో ఒకదాని మొదటి నాలుగు లైన్లు చదివి ఉంటాడు.

అన్ని చోట్లా దాదాపు ఒకేలా వచ్చిన సంగతి వేరే ఉంది. షుగర్ ముదిరిన ఎలుకల్లో హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, అడ్రినల్ గ్రంథులు బరువెక్కుతాయి. రోజులో తగ్గాల్సిన వేళకి హార్మోన్ సరిగ్గా తగ్గదు, టెన్షన్ పెట్టి వదిలేశాక కిందికి రావడానికి ఎక్కువసేపు పడుతుంది. అంటే బంతి ట్యాంకులోనే ఉంది, పైకి లేచినా గొట్టం మూసుకోవడం లేదు. నేను నాలుగేళ్ళు బంతుల్ని లెక్కపెట్టాను. చూడాల్సింది గొట్టం మూసుకుంటోందా లేదా అని. ఈ మాట నాకు థీసిస్ ఇచ్చేశాక గాని తలకెక్కలేదు.

ఎందుకు మూసుకోవట్లేదు అనే దానికి ఒకే కారణం లేదు. హార్మోన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే జీఆర్‌లు తమంతట తామే తగ్గుముఖం పట్టడం తెలిసిన సంగతే. రోజూ అరిచే మేష్టారి అరుపుకి పిల్లలు అలవాటు పడిపోయినట్టు. ఇన్సులిన్ మెదడులో కూడా పనిచేసే హార్మోన్, అది కరువైనప్పుడు హైపోథాలమస్ లెక్క తప్పుతుంది. షుగర్ ఉన్న ఎలుకలకి ఇన్సులిన్ ఇస్తే ఈ వ్యవహారం చాలావరకు దారికొస్తుంది. ఇంకో కారణం లెప్టిన్. కొవ్వు కణాలు "కడుపు నిండింది" అని మెదడుకి పంపే హార్మోన్ అది. ఇన్సులిన్ లేని ఎలుక చిక్కిపోయి లెప్టిన్ పడిపోతుంది, మెదడు దాన్ని కరువు కింద లెక్కేసి స్ట్రెస్ హార్మోన్ గేట్లు ఎత్తేస్తుంది. యేల్ యూనివర్సిటీలో జెరాల్డ్ షుల్మన్ బృందం 2014లో ఇది చూపించింది. అలాంటి ఎలుకలకి లెప్టిన్ తిరిగి ఇస్తే ఈ స్ట్రెస్ గొలుసు నెమ్మదించి, దాంతోపాటు షుగరూ దిగింది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం మాత్రం 2008లోది. అమెరికాలో బాల్టిమోర్‌లోని వృద్ధాప్య పరిశోధన సంస్థలో అలెక్సిస్ స్ట్రానహాన్, మార్క్ మాట్సన్ బృందం రెండు రకాల జంతువుల్ని తీసుకుంది. ఇన్సులిన్ లేని ఎలుకలు ఒకటి, అంటే మన టైప్ 1 లాంటివి. రెండోవి పుట్టుకతోనే లెప్టిన్ రిసెప్టర్ పాడై, ఒళ్ళొచ్చి షుగర్ తెచ్చుకున్న చిట్టెలుకలు, టైప్ 2 లాంటివి. రెండింటిలోనూ స్ట్రెస్ హార్మోన్ ఎక్కువగా ఉంది, హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు పుట్టడం తగ్గింది, దారులు గుర్తుపెట్టుకోవడంలో వెనకబడ్డాయి. అప్పుడు వాటి అడ్రినల్స్ తీసేసి, మామూలు ఎలుకకి ఎంత హార్మోన్ ఉంటుందో అంతే నీళ్ళల్లో కలిపి తాగించారు. జ్ఞాపకశక్తి మెరుగైంది, కొత్త కణాల పుట్టుక కూడా. అంటే షుగర్‌లో మరుపుకి కారణం ఒక్క చక్కెరే కాదు, దాని వెనకాల వచ్చే హార్మోన్ పొంగు కూడా. జీఆర్‌ని అడ్డుకునే మిఫెప్రిస్టోన్ ఇచ్చి చిట్టెలుకల్లో ఇలాంటి ఫలితమే చూసినవాళ్ళూ ఉన్నారు. ఆ మందు మనుషుల్లో షుగర్ టెన్షన్‌కి వాడేది కాదు. కార్టిసాల్ విపరీతంగా తయారయ్యే కుషింగ్స్ అనే జబ్బులో వచ్చే షుగర్‌కి మాత్రం అమెరికాలో 2012లో అనుమతిచ్చారు.

ఎలుకల మాట సరే, మనుషుల్లో? బతికున్న మనిషి మెదడులో ఈ రిసెప్టర్లు ఎన్నున్నాయో చెప్పే పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు. కాబట్టి మనవాళ్ళు చూసేదంతా గొట్టం వైపు నుంచే. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల్ని దశాబ్దాలుగా గమనిస్తున్న వైట్‌హాల్ అధ్యయనంలో, షుగర్ లేనివాళ్ళలో సాయంత్రం కార్టిసాల్ ఎక్కువగా ఉన్నవారికి తర్వాతి తొమ్మిదేళ్ళలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. షుగర్ ఉన్నవాళ్ళలో పొద్దుటి నుంచి రాత్రికి దిగాల్సిన వాలు చదునైపోయింది. ఎడిన్‌బరోలో టైప్ 2 ఉన్న వెయ్యిమందికి పైగా పెద్దవాళ్ళని చూస్తే, పొద్దుటిపూట కార్టిసాల్ ఎక్కువున్నవారు జ్ఞాపకం, ఆలోచన పరీక్షల్లో కొంత వెనకబడ్డారు. న్యూయార్క్‌లో టైప్ 2 వాళ్ళకి డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి చూశారు. అది ఇస్తే మెదడు, పిట్యూటరీ "చాలు" అనుకుని కార్టిసాల్ పడిపోవాలి. మామూలువాళ్ళలో పడినంతగా వీళ్ళలో పడలేదు.

ఇక్కడ చిన్న మెలిక ఉంది, డాక్టర్లు కూడా మర్చిపోయేది. డెక్సామెథసోన్ మెదడులోకి సరిగ్గా పోదు, రక్తానికీ మెదడుకీ మధ్యనున్న పంపు దాన్ని తిరిగి బయటికి నెట్టేస్తుంది. కాబట్టి ఆ పరీక్ష ఎక్కువగా పిట్యూటరీలోని జీఆర్ గురించే చెబుతుంది, హిప్పోక్యాంపస్‌లోని జీఆర్ గురించి కాదు. "నా మెదడు రిసెప్టర్లు పాడయ్యాయని టెస్టులో వచ్చింది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

జీఆర్ మీద పనిచేసే మందు ఒంట్లో పడితే షుగర్ ఏమవుతుందో 2021 వేసవిలో మనమంతా చూశాం. కొవిడ్‌కి ఇచ్చిన డెక్సామెథసోన్ అదే. ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి ప్రాణం పోసింది, మర్చిపోకూడదు. కానీ షుగర్ ఉన్నవాళ్ళలో అంకెలు నాలుగొందలు దాటాయి, షుగర్ లేనివాళ్ళకీ పెరిగింది. అవసరానికి మించి వాడినచోట బ్లాక్ ఫంగస్ తోడై కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది. ఆ రోజుల్లో స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్ళని కనుక్కుంటే నిద్ర పట్టలేదని, ఊరికే కోపం వచ్చిందని, ఏడుపొచ్చిందని చెప్పేవారు. అదంతా ఈ రిసెప్టర్ల ఆటే.

ఇప్పుడు టెన్షన్ వల్ల షుగరా, షుగర్ వల్ల టెన్షనా అంటే రెండూ. షుగర్ వల్ల బంతి పట్టేస్తుంది, కార్టిసాల్ రాత్రి కూడా దిగదు, నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే కార్టిసాల్ సాయంత్రం పెరుగుతుంది. 1999లో చికాగోలో పదకొండుమంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే వాళ్ళకే సాయంత్రం కార్టిసాల్ పెరిగి, చక్కెరని సర్దుకునే శక్తి తగ్గింది. కుర్రాళ్ళకే అలా అయితే 61 ఏళ్ళ మనిషికి చెప్పక్కర్లేదు. పొద్దున షుగర్ ఎక్కువొస్తుంది, ఆ అంకె చూసి ఇంట్లో అందరూ "నిన్న ఏం తిన్నారు?" అని నిలదీస్తారు, మళ్ళీ టెన్షన్.

ఆ నిలదీత గురించి ఒక మాట. నా సొంత అంకెలు చెబుతాను. కిందటి నెలలో ఒక రాత్రి పదింటికి 128, మూడింటికి లేచి చూస్తే 118, పొద్దున ఆరున్నరకి 156. మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. తెల్లవారుజామున గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ లేచి లివర్‌తో చక్కెర వదిలిస్తాయి, దాన్ని సర్దడానికి నా దగ్గర సరిపడా ఇన్సులిన్ లేదు. మా ఆవిడకి ఈ మూడంకెలూ కాగితం మీద రాసి చూపించాకగాని నేను దొంగతనంగా మైసూర్‌పాక్ తినలేదని నమ్మలేదు. నాన్నగారిని కూడా పరగడుపు అంకె చూసి దొంగని చెయ్యకండి.

కార్టిసాల్ టెస్ట్ సంగతి. ఒక్కసారి రక్తం తీసి చూసే కార్టిసాల్ అంకె ఆయన విషయంలో ఏమీ చెప్పదు. పొద్దున ఎనిమిదింటికి మామూలువాళ్ళలోనే ఒకరికి 7 ఉంటుంది, ఒకరికి 20 ఉంటుంది, ఇద్దరూ బాగానే ఉన్నట్టు. ల్యాబ్‌లో క్యూలో నిలబడ్డ టెన్షన్, సూది భయం కూడా అందులో కలుస్తాయి, మా ఎలుకల్లాగే. అసలు పరీక్ష కావాల్సింది కుషింగ్స్ అనుమానం ఉన్నప్పుడు. కింద కూర్చుని చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోవడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, ముఖం గుండ్రంగా ఉబ్బడం, మూడు మందులేసినా బీపీ దిగకపోవడం, పొటాషియం తక్కువ రావడం. వీటిలో ఒకటి రెండు కలిసి కనిపిస్తే ఎండోక్రైన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు రాత్రి పదకొండింటికి ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ ఇచ్చి మర్నాడు పొద్దున చూస్తారు, లేదా అర్ధరాత్రి ఉమ్మి పరీక్ష చేస్తారు.

దానికంటే ముందు ఇంకో సంగతి కనుక్కోండి. మోకాళ్ళ నొప్పులకి ఎవరైనా ఇచ్చిన పొడులు, పేరు లేని మాత్రలు వాడుతున్నారా? ఒక్క డోసుకే నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. మోకాల్లో ఇంజెక్షన్, ఆయాసానికి మాత్రలు, చర్మానికి పూతలు, అన్నీ అడగండి. ఒకవేళ వాడుతున్నట్టు తెలిస్తే ఠక్కున మాన్పించకండి. అన్నాళ్ళూ బయటి నుంచి వస్తుంటే సొంత అడ్రినల్ నిద్రపోయి ఉంటుంది, ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి ప్రమాదం. డాక్టరుగారు మెల్లగా తగ్గిస్తారు.

ఇక అతిమధురం. వీడియో అన్నీ అబద్ధాలు చెప్పలేదు, అందుకే దాని గురించి జాగ్రత్తగా చెప్పాలి. మన కణాల్లో ఒక ఎంజైము ఉంది, కార్టిసోన్ అనే పనిచేయని రూపాన్ని కార్టిసాల్‌గా మార్చి పెడుతుంది. రక్తంలో ఎంత ఉన్నా, మెదడు కణం లోపల ఎంత కార్టిసాల్ రిసెప్టర్‌కి అందుతుందో కొంతవరకు ఇదే నిర్ణయిస్తుంది. అతిమధురంలోని పదార్థం నుంచి తయారైన కార్బెనాక్సలోన్ ఆ ఎంజైముని ఆపుతుంది. ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 2004లో టైప్ 2 ఉన్న పన్నెండుమందికి ఆరు వారాలు ఇచ్చి చూస్తే మాటల్ని గుర్తుపెట్టుకోవడం కొంత మెరుగైంది. వీడియో ఇక్కడితో ఆగిపోయింది. మిగతా సగం ఏమిటంటే, అదే పదార్థం కిడ్నీలో కార్టిసాల్‌ని నిర్వీర్యం చేసే ఇంకో ఎంజైముని కూడా ఆపేస్తుంది. అప్పుడు కార్టిసాల్ కిడ్నీలోని ఎంఆర్ మీద పడుతుంది, మెదడులో మనం చెప్పుకున్న ఆ ఎంఆరే. ఉప్పు నిలవై బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పొచ్చు. ఇది జరక్కుండా ఆ ప్రయోగం చేసినవాళ్ళే తోడుగా ఇంకో మాత్ర ఇచ్చారు. పొడి డబ్బాతో ఆ మాత్ర రాదు. దగ్గుకి ఒక ముక్క బుగ్గన పెట్టుకోవడం వేరు, రోజూ రెండు చెంచాలు నెలల తరబడి తాగడం వేరు. తర్వాత ఆ ఎంజైముని మాత్రమే ఆపే మందుల్ని కంపెనీలు తయారుచేసి చూశాయి. షుగర్ కొద్దిగానే తగ్గింది, అల్జీమర్స్‌లో పరీక్షించిన ఒకటి ఫలితమివ్వలేదు. ఎలుకలో గెలిచింది మనిషిలో గెలవాలని లేదు.

నాన్నగారి విషయంలో నేనైతే కార్టిసాల్‌ని పక్కనపెట్టి ఇవి చూస్తాను. పద్నాలుగేళ్ళుగా మెట్‌ఫార్మిన్ అంటే బీ12 తగ్గి ఉండొచ్చు. మరుపు, చిరాకు, కాళ్ళ తిమ్మిర్లు దానివల్లా వస్తాయి, సూదులతోనో మాత్రలతోనో బాగుపడుతుంది. థైరాయిడ్ చూపించండి. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగుతోందేమో అమ్మగారిని అడగండి, స్లీప్ ఆప్నియా ఉంటే రాత్రంతా స్ట్రెస్ హార్మోన్లు లేస్తూనే ఉంటాయి. డిప్రెషన్ గురించి కూడా మొహమాటం లేకుండా అడగండి. షుగర్ ఉన్నవాళ్ళలో అది లేనివాళ్ళ కంటే సుమారు రెట్టింపు కనిపిస్తుంది. మన మగవాళ్ళలో ఏడుపు రూపంలో కంటే కోపం రూపంలోనే బయటపడటం నేను చూశాను. దానికి మందుంది, సిగ్గుపడాల్సిందేమీ లేదు. హెచ్‌బీఏ1సీ 8.9 కూడా దిగాలి, ఆ ఎలుకల్లో బంతిని దారికి తెచ్చింది ముఖ్యంగా ఇన్సులిన్ సరిపడా అందడమే. ఏ మందుతో, ఎంత వేగంగా అన్నది డాక్టరుగారి లెక్క.

ఒక్కటి మాత్రం ఈ వారమే చెయ్యండి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళకి రాత్రిపూట లో షుగర్ రావచ్చు, మూడు నెలల సగటు 8.9 ఉన్నా సరే. షుగర్ 70 కిందికి జారితే కార్టిసాల్, అడ్రినలిన్ అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. చెమటలు, పీడకలలు, పొద్దున తలనొప్పి, రోజంతా చిరాకు. ఇది తరచూ వస్తుంటే మెదడు అలవాటుపడి హెచ్చరికలు పంపడం మానేస్తుంది, అప్పుడు పడిపోయేదాకా తెలియదు. రాత్రి నిద్ర లేదన్నారు, చిరాకన్నారు, అందుకే నా అనుమానం అటు పోతోంది. మూడు రాత్రులు పడుకునే ముందు, మూడింటికి, లేవగానే గ్లూకోమీటర్‌తో చూసి, పక్కన రాత్రి ఎప్పుడు ఏం తిన్నారో, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో రాయండి. మధ్యలో ఎప్పుడైనా 70 కంటే తక్కువ వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూసి, మర్నాడే డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి. లేకపోతే ఆ తొమ్మిది అంకెల కాగితం మామూలు అపాయింట్‌మెంట్‌కి పట్టుకెళ్ళండి. గ్లిమెపిరైడ్ తగ్గించాలో, రాత్రిది మానేయాలో, ఇంకో మందుకి మారాలో ఆయనకి దాన్ని చూస్తే తెలుస్తుంది.